పాత తుపాకికి కొత్త కన్ను

2025 అక్టోబరు మధ్యలో, ఒకే వారంలో రెండు వార్తలు వెలువడినవి. రెండింటికీ గల సంబంధాన్ని రాజధానిలో పెద్దగా ఎవరూ పట్టించుకున్నట్లు లేదు. మొదటిది, రక్షణ మంత్రిత్వశాఖ కుదుర్చుకున్న 659.47 కోట్ల రూపాయల ఒప్పందం. సైన్యం చేతిలో ఉన్న 7.62 మిల్లీమీటర్ల సిగ్ సావర్ రైఫిళ్లకు రాత్రివేళ చూపునిచ్చే దుర్భిణుల కొనుగోలుకు ఉద్దేశించినది ఇది. రెండవది, కర్నూలు సభ నుంచి ప్రధానమంత్రి జాతికి అంకితం చేసిన కర్మాగారం. కృష్ణా జిల్లా నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ నెలకొల్పిన ఈ కర్మాగారంలో తయారయ్యేవీ రాత్రిదృష్టి పరికరాలే. 1926లో బందరులో పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో ఈ సంస్థ తనలో కలుపుకున్నదన్న సంగతి పాత తరం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గాజును సానబట్టే విద్య మనవారికి కొత్తది కాదు.

ఆ రైఫిళ్ల మొదటి విడత, అంటే 72,400 తుపాకుల కొనుగోలు ఒప్పందం, 2019లోనే జరిగింది. దానికైన వ్యయం సుమారు 650 నుంచి 700 కోట్లు. ఆరేళ్ల తర్వాత రాత్రి దుర్భిణులకు మాత్రమే ఇంచుమించు అంత సొమ్ము అవుతున్నది. ఈ పోలికలో ఆశ్చర్యపడవలసినది ధర కాదు. నేటి యుద్ధతంత్రంలో కంటికి చేతికన్నా ఎక్కువ విలువ ఉండడం ఏ దేశంలోనైనా మామూలే. ఆలోచింపజేసేది ఆరేళ్ల వ్యవధి. ఐదు, ఆరు వందల మీటర్ల దూరాన గురి తప్పని తుపాకి కావాలని పట్టుబట్టి కొన్నవారు, చీకట్లో ఆ దూరాన ఉన్నదేమిటో చూడగల సాధనాన్ని భారీ ఎత్తున సమకూర్చుకోవడానికి అంతకాలం తీసుకున్నారు.

అయినా కొత్త రైఫిలు సంగతి కొంత నయం. దాని పైభాగమంతా దుర్భిణిని బిగించడానికి వీలుగా గాడులు తీసిన రెయిలుతోనే వస్తుంది. 1995లో అమెరికా సైన్యం ఖరారు చేసిన కొలతల ప్రకారం తయారైన ఆ రెయిలుమీద ఏ దేశపు దుర్భిణి అయినా కూర్చుంటుంది. అసలు చిక్కు పాత తుపాకులది. మన సైన్యంలో, అర్ధసైనిక దళాలలో, రాష్ట్రాల పోలీసు ఆయుధాగారాలలో ఉన్నవాటిలో అత్యధిక భాగం ఈ రెయిలు పుట్టకముందు రూపొందినవే. డ్రాగునోవ్ 1963 నాటిది, ఏకే 47 అంతకన్నా పాతది, ఎస్సెల్లార్ 1960ల నాటిది. వీటిని ఒక్కసారిగా పారవేయడం ఏ ఖజానాకూ సాధ్యం కాదు. అందువల్ల పాతదానికి కొత్త కన్ను అతికించే ప్రయత్నం సాగుతున్నది. ఇది పిసినారితనమని కొందరు విమర్శిస్తారు. ఆ విమర్శతో ఈ విలేఖరి ఏకీభవించడం లేదు. సవ్యంగా చేస్తే ఇది వివేకవంతమైన పొదుపే. సవ్యంగా చేయడమంటే ఏమిటో తెలిసిన యంత్రాంగం మన దగ్గర ఉన్నదా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. దానికి నాయకుడు మనందరికీ సుపరిచితమైన త్రీనాట్‌త్రీ. బెంగాల్‌లోని ఇషాపూర్‌లో గత శతాబ్ది తొలి సంవత్సరాలనుంచి తయారైన ఈ తుపాకి రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది. బోల్టు వెనక్కి లాగినప్పుడు ఖాళీ తూటా పైనుంచి ఎగిరి పడుతుంది. ఐదేసి తూటాలు గుచ్చిన క్లిప్పును కూడా పైనుంచే దించాలి. అంటే దుర్భిణి ఎక్కడ కూర్చోవాలో సరిగ్గా అక్కడే తుపాకి నోరు తెరుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ అధికారులు క్లిప్పుతో నింపే సదుపాయాన్ని వదులుకోవడానికి ఇష్టపడక దుర్భిణిని ఎడమవైపు పక్కకు బిగించారు. ఫలితంగా సిపాయి మెడ వంచి, చెంపను బట్టునుంచి ఎత్తి, పక్కచూపు చూడవలసి వచ్చింది. కందకాలలో ఉక్కు పలకలకు చేసిన సన్నని రంధ్రాలలోంచి కాల్చేటప్పుడు మరో విపరీతం ఎదురైంది. తుపాకి గొట్టం రంధ్రంలో పడితే దుర్భిణికి పలక అడ్డు వచ్చేది, దుర్భిణిని సర్దుకుంటే గొట్టానికి అడ్డు వచ్చేది. కార్యాలయంలో కూర్చుని చేసిన నిర్ణయానికి కందకంలోని మనిషి ఎలా మూల్యం చెల్లిస్తాడన్నదానికి ఇంతకన్నా మంచి దృష్టాంతం దొరకదు.

రెండవ యుద్ధం నాటికి ఆ పాఠం నేర్చుకున్నారు. కర్మాగారంనుంచి వచ్చిన నాలుగవ నంబరు రైఫిళ్లలో పరీక్షించినప్పుడు బాగా గురి కుదిరినవాటిని ఏరి, వేటతుపాకుల తయారీలో పేరుపొందిన హాలండ్ అండ్ హాలండ్ సంస్థకు పంపేవారు. 1942 నుంచి ఆ సంస్థ సుమారు 23,000 రైఫిళ్లకు దుర్భిణులు అమర్చింది. తుపాకి శరీరానికి ఉక్కు ఆధారాలను మరలతో బిగించి, చేతితో అరగదీసి, కొయ్య బట్టుమీద చెంప ఆనడానికి ఒక దిమ్మ చేర్చి, దుర్భిణిని గొట్టానికి నేరుగా పైన నిలిపేవారు. క్లిప్పుతో నింపడం పోయింది, తూటాలు ఒక్కొక్కటే పెట్టుకోవాలి. ఆ నష్టాన్ని తెలిసి తెలిసి అంగీకరించారు. అన్నిటినీ మించినది మరొకటి. ఏ దుర్భిణి ఏ తుపాకిదో తెలిసేలా దాని నంబరు బట్టుమీద చెక్కేవారు. జతను విడదీయరాదన్నది నియమం. ఆ దుర్భిణి కేవలం మూడు రెట్లు పెద్దదిగా చూపే సామాన్య పరికరం, మొదట వేరే తుపాకి కోసం ఉద్దేశించినది కూడా. అయినా ఆ రైఫిలు దశాబ్దాలు నిలిచిందంటే ఆ ఘనత గాజుది కాదు, అతుకుది.

అతుకు ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చును. దుర్భిణి ఆధారాలు రెండింటిమధ్య దూరం పది సెంటీమీటర్లు అనుకుందాం. వాటిలో ఒకటి కాగితం మందాన, అంటే మిల్లీమీటరులో పదవవంతు కదిలినదనుకుందాం. వంద మీటర్ల దూరాన గురి పది సెంటీమీటర్లు తప్పుతుంది. ఆరువందల మీటర్లవద్ద అరవై సెంటీమీటర్లు తప్పుతుంది. మనిషి రొమ్ము వెడల్పు అంత ఉండదు. లక్షల రూపాయల పరికరం కంటికి స్వచ్ఛమైన బొమ్మ చూపిస్తూనే ఉంటుంది. తూటా మాత్రం మరోచోటికి పోతుంది. మామూలు ఇనుప బ్యాక్‌సైట్ తప్పితే సిపాయికి అనుమానం కలుగుతుంది. దుర్భిణి తప్పితే కలగదు, అదే దానిలోని ప్రమాదం.

ఇక మన చరిత్రలోకి వద్దాం. 1962లో హిమాలయాలలో మన జవానులు బోల్టు లాగి కాల్చే త్రీనాట్‌త్రీలతోనే చైనా సేనల స్వయంచాలక ఆయుధాలను ఎదుర్కొన్న సంగతి జాతి మరచిపోలేదు. ఎస్సెల్లార్‌లు చాలినన్ని తయారయ్యేలోగా ఇషాపూర్ ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. పాత త్రీనాట్‌త్రీ రూపాన్నే నిలుపుకొని, మేలైన ఉక్కుతో, కొత్త 7.62 తూటాకు సరిపడే రైఫిలును తయారుచేసింది. 2ఏ, 2ఏ1 అన్న పేర్లతో అది 1970ల వరకు వెలువడింది. పాత తుపాకిమీద 2,000 గజాల వరకు గీసిన అంకెలను తగ్గించి 2ఏ1పై 800 మీటర్లకు పరిమితం చేశారు. కాగితంమీది గొప్పలు తగ్గించి కంటికి ఆనేంత దూరమే రాసిన ఆ నిజాయితీ మెచ్చదగినది.

ఆ తుపాకుల తర్వాతి ప్రయాణం విచిత్రమైనది. మన అవసరం తీరిన వాటిలో వేలాది రైఫిళ్లు అమెరికా మిగులు ఆయుధాల విపణికి చేరినవి. మన దేశంలో 7.62, త్రీనాట్‌త్రీ రెండూ పౌరులకు నిషిద్ధ బోరులు. అందుకే ఇషాపూర్ పౌరులకోసం ప్రత్యేకంగా 315 బోరు తయారుచేసింది. అమెరికాలో అటువంటి అడ్డు లేదు. జెఫ్ కూపర్ అనే ఆయుధ నిపుణుడు 1980లలో ప్రచారంలోకి తెచ్చిన ‘స్కౌట్’ పద్ధతి ప్రకారం అక్కడివారు 2ఏ1 బ్యాక్‌సైట్‌ను తీసివేసి, ఆ స్థానంలో, గొట్టంమీద ముందుకు జరిపి, కంటికి దూరంగా ఉన్నా చూపునిచ్చే చిన్న దుర్భిణిని బిగించుకున్నారు. బోల్టుకు అడ్డులేదు, క్లిప్పుకూ అడ్డులేదు. 1915లో బ్రిటిష్ అధికారులకు తట్టని పరిష్కారాన్ని అమెరికా వేటగాళ్లు పెరటి షెడ్లలో సాధించారు. అదే కాలంలో, మన రాష్ట్రాలలో అనేక ఠాణాల కానిస్టేబుళ్లు త్రీనాట్‌త్రీని 1907 నాటి రూపంలోనే మోస్తూ వచ్చారు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి రైల్వేస్టేషన్‌లో ఏకే 47లకు ఎదురుగా నిలిచినవారి చేతుల్లో ఉన్నవాటిలో అది ఒకటి. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి లాంఛనంగా వీడ్కోలు పలికినది 2020 రిపబ్లిక్ దినోత్సవ కవాతులో.

సైన్యంలో ఈ సమస్యకు మరో పేరు డ్రాగునోవ్. 1990ల నుంచి మన పదాతిదళాల స్నైపర్ల చేతిలో ఉన్నది ఈ రష్యన్ రైఫిలే. అది వాడే తూటా నమూనా 1891 నాటిది, జారు చక్రవర్తుల కాలంలో పుట్టినది. దానితోపాటు వచ్చే నాలుగు రెట్ల దుర్భిణి తన కాలానికి అద్భుతమైనది. 1.7 మీటర్ల ఎత్తు మనిషి గీతల మధ్య ఎంత కనిపిస్తాడో చూచి దూరం లెక్కకట్టే ఏర్పాటు అందులోనే ఉన్నది. అయితే డ్రాగునోవ్ దూరాన పొంచి కాల్చే ఏకాంత వేటగాడికోసం రూపొందినది కాదు. సోవియట్ పటాలంతోపాటు నడుస్తూ, మిగతావారికన్నా కొంచెం దూరంగా, కొంచెం గురిగా కాల్చే సైనికుడికోసం రూపొందినది. సుమారు 800 మీటర్లు దాని హద్దు. ఆ దూరాన మామూలు తూటాలతో దాని దెబ్బలు ఒక మూరెడు మేర చెదురుతాయి. ఇది ఆ తుపాకి తప్పు కాదు.

అధీనరేఖమీద పరిస్థితి మారింది. 2018 నాటికి అవతలివైపునుంచి దూరపు గురితో మన జవానులను బలిగొనే ఘటనలు పెచ్చుపెరిగినవి. అదే సంవత్సరం 5,719 స్నైపర్ రైఫిళ్లకు టెండరు పిలిచారు. 2019లో దానిని ఉపసంహరించారు. ఈలోగా ఉత్తర కమాండ్ తన అధికార పరిధిలో ఇటలీనుంచి బెరెటా, అమెరికానుంచి బారెట్ రైఫిళ్లు స్వల్ప సంఖ్యలో తెప్పించుకున్నది. ఆ తర్వాత ఫిన్లండ్‌కు చెందిన సాకో వచ్చింది. బహుళ బోరుల రైఫిళ్ల టెండరు 2011లో పిలిచి 2015లో రద్దయిన వైనం పాఠకులకు విదితమే. ఒక్కొక్క టెండరు కూలినప్పుడల్లా రెండే మార్గాలు మిగులుతున్నవి: కొద్దిపాటి అత్యవసర కొనుగోలు, లేదా ఉన్నదానికి కొత్త కన్ను.

బెంగళూరులోని ఎస్ఎస్ఎస్ డిఫెన్స్ వంటి ప్రైవేటు సంస్థలు కొన్నేళ్లుగా ఆయుధ ప్రదర్శనలలో డ్రాగునోవ్‌కు, ఏకే 47కు కొత్త బట్టులు, రెయిళ్లు, దుర్భిణి అమరికలు చూపుతున్నవి. చూడ ముచ్చటగా ఉన్నవి. అయితే ఇక్కడే త్రీనాట్‌త్రీ పాఠం మళ్లీ ఎదురవుతుంది. ఏకే పైకప్పు, డ్రాగునోవ్ పైకప్పు రెండూ తుడవడానికి వీలుగా ఊడివచ్చే పలుచని రేకులు. వాటిమీద దుర్భిణి నిలపడమంటే పెంకుటింటి మీద నీళ్లట్యాంకు పెట్టడమే. కనుకనే రష్యన్లు ఎడమపక్కన గట్టి ఉక్కు రెయిలు చేర్చారు. దానిమీదుగా వంతెన కట్టి నేటి బరువైన దుర్భిణిని నిలిపితే అది ఎత్తుకు పోతుంది, సిపాయి చెంప బట్టునుంచి లేస్తుంది. బట్టు మార్చాలి. బట్టు మార్చితే బరువు పంపిణీ మారుతుంది. పాత దుర్భిణిలోని గీతలు రష్యన్ తూటా పథానికి తగినట్లు గీసినవి. కొత్త దుర్భిణి గీతలు వేరు, గనుక సిపాయి లెక్కలన్నీ కొత్తగా నేర్వాలి. పన్నెండు వేల అడుగుల ఎత్తున గాలి పలుచబడి తూటా పైకి పోతుంది. చలికి బ్యాటరీ సగంలో చచ్చిపోతుంది. ఒక్క మర బిగించడంతో మొదలైన పని శిక్షణా కేంద్రం దాకా పాకుతుంది.

నౌకాదళం మరో అడుగు ముందుకు వేసింది. 2020 చివరలో ఇజ్రాయెల్‌నుంచి స్మాష్ 2000 ప్లస్ అనే పరికరాలు కొనాలని నిశ్చయించింది. ఏకే తరహా రైఫిలుమీద బిగించే ఈ యంత్రం, ఎగిరే డ్రోన్‌ను తానే వెంటాడి, తూటా తగులుతుందని లెక్క తేలిన క్షణంలోనే ట్రిగ్గరును విడుదల చేస్తుంది. కలాష్నికోవ్ 1947లో రూపొందించిన ఇనుప తుపాకికి కంప్యూటరు అతికిందన్నమాట! ఓడల మీద డ్రోన్ల బెడద తీవ్రమైన ఈ రోజులలో ఆ నిర్ణయాన్ని ఆక్షేపించవలసిన పని లేదు. పాత ఆయుధానికి కొత్త కన్ను అమర్చడం అగ్రరాజ్యాల కొరత కాదనీ, అన్ని దేశాలూ చేస్తున్న పనేననీ దీనివల్ల తెలుస్తున్నది.

పొరుగున ఉన్నవారు కూడా ఈ పాఠాన్ని కఠినంగా నేర్చుకుంటున్నారు. 2021 ఆగస్టులో అఫ్ఘనిస్థాన్ ప్రభుత్వం కూలినప్పుడు అమెరికా అక్కడి సేనలకు ఇచ్చిన ఆయుధ సంపత్తిలో 700 కోట్ల డాలర్లకు పైబడిన సామగ్రి మిగిలిపోయింది. అందులో రాత్రిదృష్టి, నిఘా, బయోమెట్రిక్ పరికరాలే 42,000 వరకు ఉన్నవని అమెరికా రక్షణ శాఖ లెక్క. వీటిలో కొన్ని సరిహద్దులు దాటినవి. 2023 జనవరిలో పెషావర్ శివారులోని సర్‌బంద్ పోలీసు ఠాణామీద రాత్రి దుర్భిణులున్న తుపాకులతో జరిగిన దాడిలో ఒక డిప్యూటీ సూపరింటెండెంటు, మరిద్దరు పోలీసులు మరణించారు. చీకట్లో కాల్చేవాడికి వారు కనిపించారు, వారికి వాడు కనిపించలేదు. ఆ తర్వాతగాని ఆ రాష్ట్ర పోలీసులకు అటువంటి దుర్భిణులు సమకూర్చాలన్న ఆదుర్దా ప్రభుత్వానికి కలగలేదు. కశ్మీరులోనూ ఎదురుకాల్పుల అనంతరం అమెరికన్ ఎం 4 కార్బైన్లు దొరుకుతున్నవి. దశాబ్దాలపాటు ఉగ్రవాది చేతిలో ఏకే 47, దానిమీద ఇనుప సైటు ఉండేవి. ఆ సమానత్వం ఇప్పుడు లేదు.

ఇటువంటి స్థితిలో మన పాత రైఫిళ్లకు కన్ను అమర్చే బాధ్యత ఎవరిది? 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడదీశారు. ఇషాపూర్, తిరుచ్చిరాపల్లి తుపాకి కర్మాగారాలు కాన్పూరు కేంద్రంగా ఉన్న ఒక సంస్థకు పోయినవి. డెహ్రాడూన్‌లోని దుర్భిణి కర్మాగారాలు ఇండియా ఆప్టెల్ అనే మరో సంస్థకు చెందినవి. బందరు, నిమ్మలూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌వి. దుర్భిణుల పరిశోధన రక్షణ పరిశోధన సంస్థకు చెందిన డెహ్రాడూన్ ప్రయోగశాలది. సిగ్ సావర్ కంటి కాంట్రాక్టు ప్రైవేటు రంగానికి దక్కింది. తుపాకికి ఒక యజమాని ఉన్నాడు, గాజుకు నలుగురున్నారు. మధ్యనున్న అతుకుకు మాత్రం ఎవరూ లేరు. దుర్భిణి కదిలి గురి తప్పితే తుపాకి తయారీదారు గాజువైపు చూపిస్తాడు, గాజు తయారీదారు ఆధారంవైపు చూపిస్తాడు, ఆధారం బిగించినవాడు యూనిట్‌లోని ఆర్మరర్ అని తేలుతుంది. దశాబ్దాలుగా మన చిన్న ఆయుధాల కథలో అంతా ఇలాగే కింది మెట్టుమీద ఉన్నవాడి నెత్తికి వచ్చి ముగుస్తున్నది.

పోలీసుల విషయం మరీ అయోమయం. పోలీసు ఆధునికీకరణ పథకం కింద కేంద్రం ఇచ్చే నిధులతో రాష్ట్రాలు ఆయుధాలు, వాహనాలు, పరికరాలు కొనుక్కుంటున్నవి. దుర్భిణి కొనుగోలుకు రసీదు దొరుకుతుంది, ఫొటో దిగవచ్చు, శాసనసభలో లెక్క చెప్పవచ్చు. దానిని రైఫిలుకు సరిచూసే జీరోయింగ్‌కు ఖర్చయ్యే తూటాలకు ఆ వైభవం లేదు. నావికాదళపు కొత్త యంత్రానికైనా, కానిస్టేబుల్ పాత ఎస్సెల్లార్‌కైనా, రవాణా తర్వాత, కింద పడినప్పుడు, వాతావరణం మారినప్పుడు మళ్లీ కాల్చి సరిచూడాలి. ఏడాదికి ఒక్కొక్క సిపాయికి కేటాయించే సాధన తూటాల సంఖ్యను పెంచకుండా కన్ను మాత్రమే కొనడం, చదువు రానివాడికి కళ్లజోడు పెట్టడం వంటిది.

ప్రతిపక్షాలవారు రైఫిళ్ల కుంభకోణాలంటూ అడుగుతారు, పాలకపక్షంవారు స్వదేశీ శాతాలంటూ జవాబిస్తారు. రాత్రి దుర్భిణుల ఒప్పందంలో 51 శాతానికి మించి దేశీయ భాగాలున్నవని మంత్రిత్వశాఖ ప్రకటించింది, అది సంతోషించదగినదే. అయితే పార్లమెంటులో కూర్చునే మన రాష్ట్రాల సభ్యులు రక్షణశాఖ పద్దుల చర్చలో రెండు చిన్న ప్రశ్నలు వేస్తే బాగుంటుంది. డ్రాగునోవ్‌లలో ఎన్నింటికి కొత్త దుర్భిణులు అమర్చారు, అమర్చినవాటిలో ఎన్నింటిని కాల్చి సరిచూశారు? ఒక్కొక్క దుర్భిణికి ఏడాదికి ఎన్ని తూటాలు మంజూరయినవి? ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే అధీనరేఖమీద పహరా కాస్తున్న జవాను పరిస్థితి బందరు, నిమ్మలూరు, డెహ్రాడూన్ కర్మాగారాల వార్షిక నివేదికలన్నిటికన్నా స్పష్టంగా తెలుస్తుంది.